లక్ష్మత్త గుడి కూలిన కథ

మా వై.ఎన్.హొసకోటలో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, మగ్గం మీద పట్టు. పావగడ తాలూకా కర్ణాటకదే, మూడు దిక్కులా మాత్రం ఆంధ్రా నేల. యూనికోడ్ వాళ్ళు మా ఊరు చూసే లెక్క వేశారేమో, తెలుగుకు 128 గదులిచ్చి, గోడవతలే కన్నడానికీ 128 ఇచ్చారు.

మామ మగ్గాల కూలి లెక్క కంప్యూటర్‌కెక్కిస్తానని నేనే ఎగబడ్డాను. ఒక్కో వరసలో పేరుకు 20 స్థానాలు, పక్కన డబ్బుకు 8. శనివారం చీటీలు అచ్చేస్తే, పేరు ఇంగ్లీషులో రాయించుకున్న ఇద్దరికే కూలి. మిగిలినవాళ్ళకు తెలుగు, కన్నడ భేదం లేకుండా సున్నా.

లక్ష్మత్త చీటీ ఇంకా ఘోరం. ‘లక్ష్మ’ అని ఉంది, పక్కన నల్ల డైమండులో ప్రశ్నార్థకం.

“నా గుడి యాడికి పాయె నాయనా?” అనింది.

రాత్రంతా కూర్చుంటే తేలింది. కంటికి లక్ష్మి రెండక్షరాలు. యూనికోడ్‌కు ఏడు సంకేతాలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతానికి మూడేసి బైట్లు, మొత్తం 21. నేను స్థానాలు సంకేతాలతో లెక్కపెట్టి, కోత బైట్లతో కోశాను. 20 దగ్గర కత్తి పడేసరికి అత్త గుడి కూలి, దాని మూడో ఇటుక కూలి గడిలో పడింది. వెనకంతా ఖాళీలే. ఖాళీ అంటే సున్నా అనుకుంది ప్రోగ్రాము.

సంకేతాలతోనే కోస్తే డబ్బు సరిపోయింది. అచ్చులో వరసలు మాత్రం కల్లు తాగి నడిచాయి. సంకేతాలు ఏడైనా కాగితం మీద చోటు రెండక్షరాలదే మరి.

పరువు కోసం మామకు చరిత్ర చెప్పాను. ఈ స్థానాల పద్ధతి 1928 నాటి ఐబీఎం 80 నిలువు వరసల కార్డుది, దానికి తాత 1804 నాటి జకార్డు అట్ట, కాబట్టి తప్పు మీ మగ్గానిదే అన్నాను.

మామ మగ్గం పైనున్న అట్టల వంక చూశాడు. “చిల్లుకు ఒక కొక్కెమే కదప్పా. నువ్వు మూడు తగిలించి మగ్గాన్నంటావా?”

తన ఖాతా పుస్తకం తెరిచాడు. పేరుకూ డబ్బుకూ మధ్య ఎర్రగీత. “పేరు ఎంత పొడుగన్నా కానీ, గీత దాటితే డబ్బు.”

ఇప్పుడు నా ఫైల్లోనూ నిలువు గీతే. తెలుగు పేర్లతో లెక్కలు రాసేవాళ్ళకు నా మాట ఒకటే: వేళ్ళు మడిచి కొలవకండి, గీత గీయండి.