ఊరికే వచ్చిన ఇంజను

టెక్సస్‌లో శనివారం పొద్దున్నే గ్యారేజ్ సేల్స్ మొదలవుతాయి. పాత సోఫాలు, పిల్లల సైకిళ్లు, పెళ్లిలో వచ్చి అట్టపెట్టె కూడా విప్పని టోస్టర్లు. జనమంతా వాటి చుట్టూ మూగితే ఒక పెద్దమనిషి మాత్రం తిన్నగా గోడవారకు నడుస్తాడు. అక్కడ ట్యాంకు పగిలి, గొట్టం వంగిపోయిన గడ్డి ట్రిమ్మర్ ఒకటి పడి ఉంటుంది. అది గడ్డి కోస్తుందా లేదా అని ఆయన అడగడు. స్టార్టర్ తాడు మెల్లగా లాగి, లోపల పిస్టన్ ఎంత బిగువుగా కదులుతోందో చేత్తో చూసుకుంటాడు. ఐదు డాలర్లంటే మూడిస్తానంటాడు. కారెక్కాక భార్యతో, "ఊరికే వచ్చినట్టే" అంటాడు.

ఆవిడ ఈ మాట పెళ్లయినప్పటి నుంచీ వింటోంది.

ఈ ట్రిమ్మర్ పుట్టిందీ ఆ రాష్ట్రంలోనే. 1971లో హ్యూస్టన్‌లో జార్జ్ బాలస్ అనే ఆయన కార్లు కడిగే చోట గిర్రున తిరిగే బ్రష్షులను చూసి, ఒక పాప్‌కార్న్ డబ్బాకు చేపలు పట్టే తీగ కట్టి తిప్పాడు. గడ్డి తెగింది. దానికే వీడ్ ఈటర్ అని పేరు పెట్టాడు. బాలస్ అంతకుముందు డాన్స్ స్టూడియో నడిపిన మనిషి. అలాంటాయన గడ్డి కోతలో వేలు పెట్టగా లేనిది, గడ్డి కోసే ఇంజను మోడల్ విమానానికెక్కి గాల్లోకి లేస్తే తప్పేమిటని మన పెద్దమనిషి వాదన.

వాదన అంతటితో ఆగదు. మోడల్ విమానాల గ్లో ఇంజన్లు మిథనాల్, నైట్రోమీథేన్, నూనె కలిపిన ఇంధనం తాగుతాయి. ఆ నూనె చాలాసార్లు ఆముదమే. (ప్రపంచానికి ఆముదం ఎక్కువగా పోసేది మన దేశమే కాబట్టి, ఆ పొగలో పాలమూరు చేల వాటా కూడా కాస్త ఉండొచ్చు.) ఆ డబ్బా ధర చూస్తే ఆయనకు బీపీ పెరుగుతుంది. ట్రిమ్మర్ ఇంజనైతే బంకులో పోయించిన పెట్రోల్లో టూ-స్ట్రోక్ ఆయిల్ కలిపితే చాలు, సాయంత్రం దాకా పలుకుతుంది.

ఇక కార్బురేటర్ ఊసెత్తామా, మన పూట గడిచినట్టే. పచ్చికబయలు మీద తోసుకెళ్లే మోవర్‌లో తేలే బంతి ఉన్న కార్బురేటర్ ఉంటుంది, అది తలకిందులైతే పని చేయదు. ఇంజను రంపాన్ని మాత్రం చెట్టెక్కినవాడు ఎటంటే అటు తిప్పుతాడు. అందుకే రంపాలకూ ట్రిమ్మర్లకూ వాల్‌బ్రో లాంటి కంపెనీలు పల్చటి పొరతో పనిచేసే కార్బురేటర్ చేశాయి. క్రాంక్‌కేసులో వచ్చే ఒత్తిడి హెచ్చుతగ్గులే ఆ పొరను కొట్టుకునేలా చేసి పెట్రోలును లాగుతాయి. పల్టీ కొట్టినా ఇంజను ఆగదు. విమానానికి కావలసింది అదే కదా! ఈ ముక్క దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు కాస్త వణుకుతుంది. మనవరాలి గ్రాడ్యుయేషన్‌లో వణకలేదట.

గ్యారేజీలో ఆయన్ను చూడాలి. ఫ్లైవీల్ నట్టు విప్పాలంటే క్రాంక్ తిరగకూడదు. స్పార్క్ ప్లగ్ తీసి, ఆ కన్నంలోంచి నైలాన్ తాడు కొంత సిలిండర్లోకి కూరుతాడు. పిస్టన్ పైకొచ్చి ఆ తాడుకు ఆనుకుని ఆగిపోతుంది. నట్టు విప్పి, మరలు చెడకుండా మళ్లీ నాలుగు చుట్లు బిగించి, ఇత్తడి సుత్తితో ఒక్క దెబ్బ. ఫ్లైవీల్ ఊడి వస్తుంది. దాని చుట్టూ ఉన్న ఫ్యాను రెక్కలను లేత్ మీద చెక్కేస్తాడు. చల్లగాలి ఇక ప్రొపెల్లరే కొడుతుంది, వాటి బరువెందుకు? అయస్కాంతాలను మాత్రం ముట్టుకోడు, స్పార్కు వాటివల్లే వస్తుంది. తిరిగి బిగించేటప్పుడు ఫ్లైవీల్‌కూ కాయిల్‌కూ మధ్య ఎంత సందుండాలో కొలవడానికి ఒక విజిటింగ్ కార్డు పెడతాడు. ఆ మందం సరిగ్గా సరిపోతుంది. ఉద్యోగంలో ఉన్నప్పటి కార్డులు, 'సీనియర్ మేనేజర్' అని అచ్చేసినవి, ఇంకా రెండు డబ్బాలున్నాయి. రిటైరయ్యాక ఆ హోదా అక్కరకొస్తున్నది ఇక్కడే.

ఖర్చు సంగతి అడక్కూడదు. ప్రొపెల్లర్ బిగించడానికి హబ్బు, కొత్త మఫ్లర్, 18 అంగుళాల చెక్క ప్రొపెల్లర్. వీటన్నిటి కన్నా ముందు కొన్న లేత్. అన్నీ కలిపితే చైనా నుంచి వచ్చే డీఎల్ఈ ఇంజను, విమానాల కోసమే చేసింది, పెట్టెలోంచి తీసి బిగించుకోవచ్చు. ఆ మాటంటే ఆయన చూసే చూపులో అసహ్యం కన్నా జాలి ఎక్కువ. లేత్ లెక్కలోకి రాదు, ఇంట్లో ఉన్న వస్తువు. కొన్న ఇంజన్లలో ఆయన గౌరవించేది జెనోవా జీ-62 ఒక్కదాన్నే. అది జపాన్ బ్రష్ కట్టర్ల ఇంటి బిడ్డ.

పక్కింటి తెలుగు కుర్రాడు వసంతం రాగానే, "అంకుల్, బ్లోయర్ స్టార్టవడం లేదు" అని వస్తాడు. చలికాలమంతా ట్యాంకులో వదిలేసిన పెట్రోలు కార్బురేటర్లో జిగురు కట్టి ఉంటుంది. కడిగితే పావుగంట పని. పెద్దమనిషి తాడు లాగి చూసి, ఆశ వదులుకోమన్న డాక్టరులా తల అడ్డంగా ఊపి, పారేసే శ్రమ నీకెందుకు, ఇక్కడ పెట్టి వెళ్లమంటాడు.

మైదానంలో ఆదివారం పసుపు రంగు పైపర్ కబ్, అసలు విమానంలో నాలుగో వంతు, రెక్క చివర నుంచి చివరకు తొమ్మిది అడుగులకు కాస్త తక్కువ. 31 సీసీ ఇంజను. ప్రొపెల్లర్‌ను వేలితో కాదు, 'చికెన్ స్టిక్' అనే కర్రతో తిప్పుతాడు. ఎగిరేది పది నిమిషాలు. దిగాక మూత తీసి, సన్న స్క్రూడ్రైవర్‌తో కార్బురేటర్ సూదిని పిసరంత తిప్పి మళ్లీ వింటాడు. ఇది గంటన్నర సాగుతుంది. బ్యాటరీ విమానాలవాళ్లు ఇంటికి వెళ్లిపోతారు. వాటిని ఆయన విమానాలనడు, సెల్‌ఫోన్లంటాడు.

ఈలోగా ఇంటి ముందు గడ్డి మోకాలి ఎత్తు పెరిగి, కాలనీ సంఘం నుంచి రెండో నోటీసొచ్చింది. ఇంట్లో నాలుగు ట్రిమ్మర్లున్నా ఒక్కదానికీ ఇంజను లేదు. ఆవిడ విసిగిపోయి, ఊడబెరకడానికి ఇంజనే ఉండకూడదని బ్యాటరీతో నడిచే ట్రిమ్మర్ కొనుక్కొచ్చింది. ఆయన దాన్ని చేత్తో ఎత్తి బరువు చూశాడు. మూత మీద అచ్చేసింది కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు.

"నలభై వోల్టులా?" అన్నాడు. "బ్రష్‌లెస్ మోటారే?"