నా రేకుల మీద మోమోలు

తెనాలి బజారులో నన్ను బేరమాడి కొన్నది ఈ ఇంటి నాయనమ్మ. నాలుగు రేకులు, ఒక మూత, అడుగున కాసిని నీళ్లు, అంతే నా సంసారం. కొడుకు హైదరాబాదులో కాపురం పెట్టినప్పుడు బియ్యం మూటతో, ఆవకాయ జాడీతో పాటు నేనూ కూకట్‌పల్లి చేరాను. చాలాకాలం నాకు తెలిసినవల్లా ఇడ్లీలు, చవితి పండక్కి కుడుములు, జిల్లేడుకాయలు. ఇప్పుడు నాలో టిబెట్ వాళ్ల మోమోలు ఉడుకుతాయి, గుజరాతీల ఢోక్లా పొంగుతుంది. అందుకు కారణం ఈ ఇంటి నాలుగేళ్ల బుజ్జిది.

తెల్లటివి తప్ప దానికి ఏవీ గిట్టేవి కావు. ఇడ్లీ, పెరుగన్నం, పాలు. కొత్తిమీర రెమ్మ కనబడితే చాలు, కంచం నెట్టేసేది. తల్లి బెంగపెట్టుకుంది. వచ్చినవాళ్లంతా మొండిఘటం అని తేల్చేశారు. అది మొండితనం కాదు. రెండేళ్ల నుంచి ఆరేళ్ల దాకా కొత్త తిండిని అనుమానించడం చాలామంది పిల్లల్లో ఉండేదే. నడక వచ్చి, దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసులో విషపు కాయల నుంచి ఆ జంకే పిల్లల్ని కాపాడి ఉంటుందని శాస్త్రజ్ఞులు అంటారు.

దారి చూపింది జిల్లేడుకాయ. బుజ్జిదానికి అదంటే ప్రాణం. పైన తెల్లటి బియ్యప్పిండి, లోపల కొబ్బరీ బెల్లం. మోమో కూడా ఆ కోవలోదే కదా! పైన మైదాపిండి, లోపల సన్నగా తరిగిన క్యాబేజీ, క్యారెట్. ఒక ఆదివారం తల్లి పిండి కలిపి, పిల్లని పక్కన కూర్చోబెట్టుకుంది. 1959 తరవాత మన దేశానికి వలస వచ్చిన టిబెటన్ల వల్ల మోమో ఇక్కడి వీధుల్లోకి వచ్చింది. చలికాలంలో మన ఊళ్లలో స్వెట్టర్లు అమ్మేదీ వాళ్లే. నాయనమ్మ ఆ సంగతే ఎత్తుకుంది. "మనకి ఎర్ర స్వెట్టరు అమ్మిన మామ్మ లేదూ బుజ్జమ్మా, వాళ్లింటికి చుట్టాలొస్తే ఇవే చేసి పెడతారంట."

ఆ రోజు బుజ్జిది పిండి పిసికింది, వంకరటింకరగా కుచ్చిళ్లు పెట్టింది, నా మూత తీస్తే వాసన చూసింది. తినలేదు. ఎవరూ ఒక్క మాట అనలేదు. నేను చూసిన మంచి పనుల్లో ఆ మౌనం ముఖ్యమైనది. ఏం వండాలో, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలో పెద్దలు చూసుకోవాలి, తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లలకు వదిలెయ్యాలి అని అమెరికాలో ఎలిన్ శాటర్ అనే పోషకాహార నిపుణురాలు ఎప్పటి నుంచో చెబుతోంది. తరవాతి వాయిల్లో ఒకసారి నాలిక ఆనించింది, ఇంకోసారి అంచు కొరికి ఉమ్మేసింది. కొన్నాళ్లకి లోపలి కూరతో సహా ఒకటి పూర్తిగా తిని, ఇంకోటి అడిగింది. ఒక కొత్త రుచి అలవడడానికి 8 నుంచి 15 సార్ల దాకా పట్టవచ్చని పరిశోధనల్లో తేలింది. చాలా ఇళ్లలో రెండు మూడు సార్లకే ఓపిక అయిపోతుంది. ఎంత నష్టమో!

"ఇది తింటే చాక్లెట్ ఇస్తా" అన్న మాట మాత్రం వద్దు. అలా ఆశపెట్టి తినిపించిన పదార్థం మీద పిల్లలకు ఇష్టం తగ్గుతుందని లియాన్ బర్చ్ అనే పరిశోధకురాలు 1980లలోనే చూపించింది. తినడానికి లంచం ఇస్తున్నారంటే అది బాగుండదనే కదా పిల్లకి అర్థమయ్యేది.

ఢోక్లా కథ తొందరగా తేలిపోయింది. నేర్పింది ఎదురింటి గుజరాతీ ఆవిడ. వాళ్ల పిల్లలు ఆవాల తిరగమోత వేసిన పసుప్పచ్చ ముక్కలు లొట్టలేస్తూ తింటుంటే బుజ్జిది తనే చెయ్యి చాపింది.

నాకు కోపం వచ్చేది పెద్దవాళ్ల మీదే. ఇంకొకరి తిండి చూసి "ఛీ, అదేం వాసన" అని ముఖం చిట్లిస్తారు. పక్కనున్న పిల్లలు అది పట్టేసి, రేపు బడిలో ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చిన పిల్లాడి టిఫిన్ డబ్బా చూసి అదే మాట అంటారు. వాడు ఆ పూట పస్తుంటాడు. ఇది చాలా తప్పు.

ఒక జాగ్రత్త. నాలోంచి తీసిన మోమో పైన ఆరినట్టున్నా లోపల నోరు కాలేంత వేడిగా ఉంటుంది. విప్పి, చల్లార్చి, చిన్న ముక్కలు చేసి పెట్టండి.

మీ ఇంట్లోనూ నాలాంటి ఇడ్లీ పాత్ర ఉండే ఉంటుంది. వచ్చే ఆదివారం దాన్ని దించి, వేరే ఊరి వంట ఒకటి ఎక్కించండి. పిల్లల కంచంలో తెలిసిన పెరుగన్నం పక్కన ఒక్క ముక్క పెడితే చాలు. వాళ్లతోపాటు కూర్చుని, ముందు మీరు తినండి.