ఎగరడానికి పదేళ్లు

ఒరేయ్ అబ్బాయిలూ, మీకు ఆగడం రాదురా. మా మనవడు సెలవులకి మస్కట్‌లో, రువిలోని మా ఫ్లాట్‌కి వచ్చి, సోఫాలో వాలిపోయి 'స్మాల్‌విల్' పెట్టాడు. సూపర్‌మాన్ కుర్రతనం కథ. అమెరికాలో 2001 అక్టోబరులో మొదలైతే 2011 మేలో గానీ అవలేదు. పది సీజన్లు, రెండొందల పైచిలుకు భాగాలు. కుర్రాణ్ణి ఎగరనివ్వకూడదు, ఆ నీలం బట్టలు వెయ్యకూడదు అని తీసినవాళ్లు ముందే కట్టడి పెట్టుకున్నారు. చూసేవాళ్లు పదేళ్లు ఓపిక పట్టారు. వీడేమో రెండో రోజుకే "ఎప్పుడెగురుతాడు తాతా?" అని నేరుగా ఆఖరి భాగానికి పోయాడు!

మా రోజుల్లో, 84లో, ఇదే రువిలో ఒక్క గదిలో ఎనిమిది మందిమి. ఊరెళ్లి వచ్చేవాడి పెట్టెలో ఆవకాయ జాడీ పక్కన, లుంగీలో చుట్టిన క్యాసెట్ ఉండేది. అలా వచ్చిందే మన రామారావు గారి 'సూపర్‌మాన్', 1980లో వచ్చిన సినిమా. మా హీరోకి శక్తి ఆంజనేయస్వామి ఇచ్చాడు, వేరే గ్రహం నుంచి ఊడిపడలేదు. చేతిలో క్యాసెట్ ఉన్నా శుక్రవారం దాకా పెట్టేవాళ్లం కాదు. ఆ రోజు కూడా డ్యూటీ మీద ఉన్నవాడు వచ్చి, స్నానం చేసి, కంచం ముందేసుకున్నాకే బొమ్మ. వాడు లేకుండా చూడ్డమేమిటి?

అయినా 'స్మాల్‌విల్' కథ మంచిదే, కాదనను. కన్నవాళ్లొకరు, పెంచినవాళ్లొకరు. మన రేపల్లెలో యశోదమ్మ ఇంట జరిగిందీ అదే కదా. కాన్సస్ పల్లెలో రైతు దంపతులు ఆ పిల్లాణ్ణి పెంచుతారు. ట్రాక్టర్ని ఒంటిచేత్తో ఎత్తగలిగేవాడికి కోపం అణచుకోవడం నేర్పుతాడు ఆ తండ్రి. కథంతా అక్కడే ఉంది, ఎగరడంలో లేదు. నూరో భాగంలో ఆ తండ్రి పోతాడు. మావాడు అదీ దాటేశాడు. "అది బోర్ తాతా" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. తిట్టాను కూడా. తిట్టాక గొంతులో ఏదో అడ్డం పడింది. వీడి నాన్న రాజోలులో పెరిగాడు, నేనిక్కడున్నాను. రెండేళ్లకోసారి సెలవు. వాడి పదేళ్లు నేను ఐదు ముక్కల్లో చూశాను. ఒకసారి వెళ్తే నిక్కరు, ఇంకోసారి వెళ్తే నూనూగు మీసం. మధ్యలో ఏం జరిగిందో ఉత్తరాల్లో చదువుకున్నాను, అవీ ఆలస్యంగా వచ్చేవి. కావాలని దాటేసింది కాదు. అయినా దాటేసినట్టే.

అందుకే రిమోట్ లాక్కున్నాను. మొదటి భాగం నుంచి పెట్టించాను. నలభై నిమిషాలకి అయిపోయింది. "తరవాతది పెట్టనా?" అన్నాడు.

వచ్చే శుక్రవారం రా. మీ నాన్ననీ రమ్మను. ముగ్గురం కూర్చున్నాకే పెడదాం.