స్తంభానికి వంద మంది

ఈ వారం మరో కాలనీలో మరో రిబ్బన్ తెగింది. కొబ్బరికాయ కొట్టారు, శాలువాలు కప్పారు, కమ్యూనిటీ హాల్లో కొత్త మానిటర్ ముందు సంక్షేమ సంఘం పెద్దలంతా వరసగా నిలబడి ఫొటో దిగారు. ఆ తర్వాత మైకు అందుకున్న అధికారి ఇలాంటి ప్రతి సభలోనూ వినిపించే మాటే వినిపించారు: ఒక్క సీసీ కెమెరా వంద మంది పోలీసులతో సమానం. ఈసారి దానికో తోక కూడా తగిలించారు. కెమెరాలతో పోలీసులకూ కాలనీవాసులకూ మధ్య నమ్మకం పెరుగుతుందట.

తెలుగునాట ఈ మాట విననివారుండరు. ఇన్నేళ్లుగా జనం దాన్ని సభా మర్యాద కింద జమ కట్టుకుని, చప్పట్లు కొట్టి, సమోసా తిని ఇంటికి వెళ్లిపోతున్నారు. పోలీసు శాఖకు ఇంతకంటే అవమానం లేదు. పంచనామాలో శవం నుంచి చెప్పుకు ఎన్ని అడుగులో, చెప్పు నుంచి గోడకు ఎన్ని అంగుళాలో కొలిచి రాసే శాఖ అది. నోటికొచ్చిన అంకె చెప్పదు. వంద అన్నదంటే వందే. కాబట్టి ఆ లెక్కను లెక్కగానే చూడాలి.

దేశంలో పోలీసుల వివరాలన్నీ పోగుచేసే కేంద్ర సంస్థ బీపీఆర్‌డీ. 2020 జనవరి నాటికి దేశమంతటా పోలీసులకు అందుబాటులో ఉన్న కెమెరాలు 4 లక్షల పైచిలుకని అది లెక్క తేల్చింది. అందులో 2.5 లక్షలకు పైగా ఒక్క తెలంగాణవే. వందతో హెచ్చవేస్తే 2.5 కోట్ల మంది పోలీసులు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణ జనం 3.5 కోట్లు. అంటే ప్రతి ఏడుగురికీ ఐదుగురు పోలీసులు! బెర్లిన్ గోడ కూలేనాటికి తూర్పు జర్మనీ రహస్య పోలీసు సంస్థ స్టాసీలో ఉద్యోగులు 90 వేల చిల్లర. వాళ్లను చూసి ప్రపంచం అంతగా ఎందుకు హడలిపోయిందో మన కాలనీ సంఘాలకు అర్థం కాదు. ఓ మాదిరి గేటెడ్ కమ్యూనిటీలో ఇప్పుడు తొమ్మిది వందల కెమెరాలుంటే చాలు, స్టాసీ సరితూగుతుంది.

ఇంత బలగం చేతిలో ఉంచుకుని నియామక ఉత్తర్వులు ఇవ్వకపోవడం మాత్రం అన్యాయం. బుల్లెట్ కెమెరాకు కానిస్టేబుల్ హోదా ఇవ్వవచ్చు. గుండ్రంగా, కదలకుండా, కప్పుకు అతుక్కుని ఉండే డోమ్ కెమెరా పుట్టుకతోనే హెడ్ కానిస్టేబుల్. ఎవరొస్తున్నారో చూసి అటే తల తిప్పే పీటీజడ్ కెమెరాను ఎస్సైగా తీసుకోవడానికి ఏ పరీక్షా అక్కర్లేదు. నియామక బోర్డుకు శ్రమ లేదు. 1600 మీటర్ల పరుగులో స్తంభం ఓడిపోయిందని ఎవరూ కోర్టుకెక్కరు. పేపర్ లీకు భయం లేదు. అక్టోబర్ 21న పోలీసు అమరవీరుల దినం నాడు పరేడ్ మైదానంలో స్తంభాలను బారులు తీర్చి నిలబెడితే, ఎండకు సొమ్మసిల్లి పడిపోయేవారు కూడా ఉండరు.

ఇందులో చిన్న చిక్కుంది. కెమెరా వంద మందితో సమానమైతే కానిస్టేబుల్ కెమెరాలో నూరో వంతు. బజార్లో మామూలు కెమెరా మూడు వేలకు దొరుకుతుంది. అప్పుడు పన్నెండు గంటల బందోబస్తు చేసి, పండగ పూట పిల్లల ముఖం చూడక, లాఠీ పట్టుకుని నిలబడ్డ ఆ మనిషి విలువ ముప్పై రూపాయలని తేలుతుంది. ఇరానీ హోటల్లో ఒకటిన్నర చాయ్. ఈ మాట అన్నది పోలీసులంటే పడనివాళ్లు కాదు, ఆయన పై అధికారులే. మైకులో. ఆయన్నే పక్కన కాపలా నిలబెట్టి.

ఈ వంద మంది తిండి ఎవరు పెట్టాలన్నది అంతకంటే చిన్న సంగతి. కాలనీవాళ్లే పెట్టాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో చేసిన ప్రజాభద్రతా చట్టం జనం గుమిగూడే దుకాణాలు, సంస్థల మెడకు కెమెరాను చట్టపరంగా కట్టింది. కాలనీల దగ్గరికొచ్చేసరికి చట్టం స్థానంలో చందా పుస్తకం వచ్చింది. ఇంటికి ఇంత, ఫ్లాటుకు ఇంత, కిరాయికుండేవాళ్లకు సగం. కొన్నాక కేబుల్ ఖర్చు, హార్డ్ డిస్క్ ఖర్చు, ఏడాదికోసారి మెయింటెనెన్స్ కాంట్రాక్టు. రోడ్డు తవ్వినవాళ్లు వైరు తెంపుతారు, కోతులు ఊగి పీకుతాయి. కార్పొరేటర్ పుట్టినరోజు ఫ్లెక్సీ సరిగ్గా కెమెరా కళ్లకే అడ్డం కడతారు. వంద మంది పోలీసులు వారం పాటు ఆయన చిరునవ్వు వెనుక భాగాన్నే చూస్తూ విధులు నిర్వహిస్తారు. తీసేయమని అడిగే ధైర్యం ఒక్కరికీ ఉండదు. ఈ ఒక్క విషయంలో అసలు పోలీసులకూ వీళ్లకూ తేడా లేదని ఒప్పుకోవాలి.

సరే, నమ్మకం సంగతికొద్దాం. ఏ స్టేషన్‌లోనైనా రైటర్ బల్ల పక్కన ఓ అరగంట కూర్చుంటే ఈ సంభాషణ వినబడుతుంది. ఎదుట నిలబడ్డామెది స్కూటీ పోయింది.

"మీ గల్లీల కెమెరా ఉన్నదా అమ్మా?"

"ఉన్నది సార్. మూలమీదనే, స్తంభానికి."

"ఫుటేజీ తెచ్చుకున్నరా మరి?"

"సెక్రటరీ సాబ్‌ను అడిగిన సార్. డీవీఆర్ ఖరాబై నెల రోజులాయెనట."

"అది బాగు చేపియ్యొద్దా? కెమెరా లేకుంటే మేమేం జేస్తం?"

మూలమీద వంద మంది పోలీసులు నెల రోజులుగా సెలవు చీటీ కూడా పెట్టకుండా డ్యూటీకి ఎగనామం పెట్టినా ఎవరి మీదా చార్జి మెమో పడదు. తప్పు స్కూటీ పోగొట్టుకున్న ఇల్లాలిది. విచారణకు దిగి, సాక్ష్యం సేకరించి, వీలైతే దొంగను కూడా పట్టుకుని ఆమే తెచ్చి అప్పగిస్తే, పట్టికలు పూర్తి చేయడానికి స్టేషన్ ఎప్పుడూ సిద్ధం. వారెంటు లేకుండా అరెస్టు చేయదగ్గ నేరం జరిగినట్టు సమాచారం అందితే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఫుటేజీ జత చేయాలని చెప్పినట్టు మాత్రం ఎక్కడా లేదు. తెల్ల కాగితం మీద అర్జీ రాసిచ్చి, రసీదు అడిగే ధైర్యం చాలక, ఆమె మెట్లు దిగుతుంది. వచ్చేసారి ఎవరినైనా వెంటబెట్టుకొస్తుంది. కార్పొరేటర్ దగ్గర తిరిగే మరిదో, బార్ అసోసియేషన్‌లో ఉన్న బావగారో. మన దగ్గర స్టేషన్ మెట్లెక్కడానికి ఒంటరిగా వెళ్లడం ఇప్పటికీ తెగువ కిందే లెక్క.

కేరళవాళ్లకు ఈ వంద లెక్క తెలియక చాలా కష్టపడుతున్నారు. 2008లో జనమైత్రి అని మొదలుపెట్టి, ఒక పోలీసుకు ఒక బీట్ అప్పగించి, కాలినడకన ఇల్లిల్లూ తిరగమన్నారు. ఏ ఇంట్లో ముసలివాళ్లు ఒంటరిగా ఉంటున్నారో, ఏ సందులో వీధిదీపం వెలగడం లేదో అతనికి తెలియాలట. బతికున్న మనిషిని పంపించడమేమిటి, పాత కాలం పద్ధతి! ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా 2000 ప్రాంతంలో 'మైత్రి' పేరుతో ఆ తప్పే చేయబోయింది. ఇంకా నయం, తొందరగానే కోలుకుంది. 2022 ఆగస్టులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటర్ జంట బురుజుల్లా లేచాక ఎవరి గుమ్మమూ తొక్కాల్సిన పనిలేదు. ఆ అద్దాల మేడలో కూర్చుంటే కాలాపత్తర్ గల్లీ కాలాపత్తర్ వాళ్లకంటే బాగా కనిపిస్తుంది. అమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2021లో కాలాపత్తర్‌నూ కిషన్‌బాగ్‌నూ మ్యాపు మీద కొలిచి చూస్తే, రెండు బస్తీల్లోనూ సగానికి పైగా విస్తీర్ణం కెమెరాల చూపు కిందే ఉంది. నమ్మకం అక్కడ ఎకరాల్లో పండాలి. అయినా అదే ఏడాది లాక్‌డౌన్‌లో పాతబస్తీలో పోలీసులు తనను రోడ్డు మీద ఆపి, మాస్కు తీయమని ఫొటో తీశారని ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్త నోటీసు పంపారు, ఆ తర్వాత ముఖాలను గుర్తుపట్టే సాంకేతికత మీదే హైకోర్టులో కేసు వేశారు. 2.5 కోట్ల మంది చూస్తున్నా చాలక ఇంకో ఫొటో ఎందుకన్నది ఆయన సందేహం. నమ్మకం లేని మనిషి.

ఈ వంద మందిలో ఒక వింత జబ్బు ఉంది. వీధిలో ఉన్నంతసేపూ చూపు నిక్షేపంగా ఉంటుంది, నెంబరు ప్లేటు మీద చిలక బొమ్మ కూడా చదివేస్తుంది. అదే కెమెరాను స్టేషన్ లోపలికి బదిలీ చేస్తే కళ్లు కనిపించవు. ఒకచోట కరెంటు పోతుంది, ఒకచోట హార్డ్ డిస్క్ నిండిపోతుంది, ఒకచోట సరిగ్గా ఆ రాత్రే రిపేరులో ఉంటుంది.

తమిళనాడులో తూత్తుకుడి జిల్లా సాత్తాన్‌కుళంలో 2020 జూన్‌లో జరిగింది చూడండి. లాక్‌డౌన్ వేళ దాటి సెల్‌ఫోన్ దుకాణం తెరిచి ఉంచారని తండ్రినీ కొడుకునూ స్టేషన్‌కు పట్టుకెళ్లారు. నాలుగు రోజుల్లో ఇద్దరూ పోయారు. విచారణకు వెళ్లిన న్యాయాధికారి హైకోర్టుకు రాసిన నివేదికలో ఒక సంగతుంది. ఆ స్టేషన్ కెమెరా వ్యవస్థలో ఒక టెరాబైటు చోటు ఉన్నా, ఏ రోజు దృశ్యాలు ఆ రోజు వాటంతటవే చెరిగిపోయేలా సెట్టింగు పెట్టారు. ఎవరో ఒకరు కూర్చుని, మెనూ తెరిచి, ఆ మీట ఎంచుకున్నారు. అదే స్టేషన్‌లో 'ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్' వాలంటీర్లు కూడా కొట్టినవాళ్లలో ఉన్నారన్న ఆరోపణ వచ్చింది. పోలీసులకూ ప్రజలకూ మధ్య నమ్మకం పెంచడానికే 1993లో పెట్టిన దళం అది. జులైలో ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది.

దూరం ఎందుకు, మెదక్ ఉంది. 2023 జనవరి ఆఖర్లో కూలి పనులు చేసుకునే ఒక మనిషిని గొలుసు దొంగతనం కేసులో పట్టుకున్నారు. కారణం, సీసీ కెమెరా దృశ్యాల్లో కనిపించిన దొంగకూ ఇతనికీ పోలిక ఉందట. కొద్దిరోజులకు వదిలేశారు. అప్పటికే మనిషి మనిషిలా లేడు. స్టేషన్‌లో తనను ఎలా కొట్టారో ఆస్పత్రి మంచం మీది నుంచి వీడియోలో చెప్పాడు. ఫిబ్రవరిలో గాంధీ ఆస్పత్రిలో ప్రాణం పోయింది. హైకోర్టు తనంతట తానే కేసును విచారణకు తీసుకుంది.

ఇక్కడ వెటకారం చేతకాదు. వీధి కెమెరాలో మసకగా కనిపించిన ఒక పోలిక ఒక పేదవాణ్ని లోపలికి లాక్కెళ్లడానికి చాలింది. లోపల ఆ మనిషికి ఏం జరిగిందో చెప్పడానికి మాత్రం, చావబోతూ అతని నోరే దిక్కయింది. ఇంత సాంకేతికత, ఇన్ని స్తంభాలు, ఇన్ని అద్దాల మేడలు ఉన్న రాష్ట్రంలో. కాలనీవాళ్లు బస్తీవాళ్లను అనుమానించడానికి పనికొచ్చిన కెమెరా, బస్తీ మనిషిని ఖాకీ చేతుల నుంచి కాపాడటానికి ఎందుకు పనికిరాలేదు? దీనికి జవాబు చెప్పకుండా నమ్మకం గురించి మైకులో మాట్లాడే అర్హత ఏ అధికారికీ లేదు.

ఇందులో చట్టం తెలియదనడానికి కూడా వీల్లేదు. 2020 డిసెంబర్ 2న పరంవీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ఒక్కో గదీ పేరుపెట్టి చెప్పింది. గేటు, వరండా, లాకప్, ఇన్‌స్పెక్టర్ గది, ఎస్సై గది, స్టేషన్ వెనుక భాగం, మరుగుదొడ్డి బయట. బొమ్మే కాదు, మాట కూడా రికార్డు కావాలంది, చీకట్లోనూ కనబడాలంది. పద్దెనిమిది నెలలు భద్రపరచాలంది. కెమెరా పనిచేయకపోతే స్టేషన్ అధికారిదే పూచీ అంది. ఇక్కడ కెమెరాలున్నాయి, హక్కులకు భంగం కలిగితే ఫలానాచోట ఫిర్యాదు చేయవచ్చు, ఆ దృశ్యాలను భద్రపరచమని అడిగే హక్కు మీకుంది అని స్థానిక భాషలో పెద్ద బోర్డు గుమ్మంలోనే పెట్టమంది. ఆ తెలుగు బోర్డును తమ స్టేషన్‌లో చూసినవాళ్లెందరో పాఠకులే చేతులెత్తాలి.

దాదాపు అయిదేళ్లు గడిచాయి. 2025 సెప్టెంబర్‌లో, రాజస్థాన్‌లో ఏడెనిమిది నెలల్లోనే పదకొండు మంది పోలీసు కస్టడీలో చనిపోయారని ఒక పత్రిక రాస్తే, అదే సుప్రీంకోర్టు మళ్లీ తనంతట తానే కేసు చేపట్టాల్సి వచ్చింది. స్టేషన్లలో కెమెరాలు ఎందుకు పనిచేయడం లేదని అడగాల్సి వచ్చింది. ఈ అయిదేళ్లలో వీధి మూలకూ పార్కు గేటుకూ అపార్ట్‌మెంటు సెల్లారుకూ కెమెరా కావాలని ఏ కాలనీనీ వదలకుండా తిరిగారు. మా లాకప్ కెమెరా పాడైంది, బాగు చేయించడానికి తలా కొంత వేసుకోండి అని మాత్రం ఒక్కరు కూడా ఏ గుమ్మంలోనూ నిలబడలేదు. అడిగి ఉంటే జనం ఇచ్చేవాళ్లే. ఆ కిరాయికుండేవాళ్లతో సహా.