రద్దుసంజీవని: ఒక ఆటవెలదికి టీకాతాత్పర్యం

మూల మీయకుండ ముచ్చట రాసిన
మల్లినాథుడైన మాపివేయు
తుడిచినట్టి చేయి తోడుగ నిలిచిన
కొత్తవాడు మరల గుమ్మమెక్కు

అవతారిక

పద్యం నాదే, టీకా నాదే. కవి ఒకటి అంటే వ్యాఖ్యాత ఇంకొకటి లాగాడన్న పేచీ ఇక్కడ రాదు. వచ్చినా ఇంట్లో తేల్చుకునేదే.

సందర్భం చెబుతాను. ఈ పద్యానికి నాయకుడు ఇరవయ్యేళ్ళ కుర్రాడు. ధీరోద్ధతుడు, కల్పితుడు. నివాసం గుంటూరు జిల్లా పెదకాకాని, మల్లేశ్వరస్వామి గుడికి దగ్గర్లోని వీధి. ఒక ఆదివారం పూట కొత్త బండ్లకు పూజ చేయించుకునేవాళ్ళతో, పొంగళ్ళు పెట్టుకునేవాళ్ళతో వీధంతా కిక్కిరిసిపోయింది. బయటికి పోవటానికి దారి లేక వాడు అరుగు మీద చతికిలబడి, ఫోనులో తమ ఊరి పేరు కొట్టాడు. తెలుగు వికీపీడియాలో పేజీ తెరుచుకుంది. పైన 'సవరించు' అని కనపడింది. ఎవరైనా సవరించవచ్చట. ఇదేదో బాగుందనుకున్నాడు.

ఈ వికీపీడియా తెలుగులో 2003 డిసెంబరులో పుట్టింది. అంకురార్పణ చేసినవారు వెన్న నాగార్జున. పద్మ అనే లిపి మార్పిడి సాఫ్ట్‌వేర్ చేసిందీ ఆయనే. ఇప్పుడు వ్యాసాలు లక్ష దాటాయి. మన కుర్రాడికి ఈ వంశవృక్షంతో పని లేదు. వాడు చకచకా నాలుగు వాక్యాలు కొట్టాడు: "ప్రకృతి అందాలతో అలరారే మా పెదకాకాని సుప్రసిద్ధ పుణ్యక్షేత్రం. ఇక్కడ భరద్వాజ మహర్షి యజ్ఞం చేశాడు. మా ఊరి మిరపకాయలు ప్రపంచంలోనే బెస్టు. గ్రామ ప్రముఖులు: మా పెదనాన్నగారు." ప్రచురించు మీట నొక్కాడు. పెదనాన్నగారికి లింకు పంపాడు. ఆయన కళ్ళజోడు వెతుక్కుని తెరిచేసరికి పేజీలో అవేమీ లేవు.

ఇదీ పద్యం పుట్టిన చోటు.

ప్రతిపదార్థం

మూలము ఈయకుండ = ఆధారం చూపించకుండా. పద్యంలో మొదటి మాటే ఇది, కొత్తవాళ్ళు ఆఖరున తెలుసుకునేదీ ఇదే. తాత చెప్పాడు, చాలదా అంటాడు కుర్రాడు. చాలదు. తాత అబద్ధమాడతాడని కాదు. ఆ వాక్యాన్ని చికాగోలో చదివేవాడు మీ తాతని అడగలేడు, అంతే. ఆధారం నలుగురికీ అందేచోట ఉన్నదై ఉండాలి. 2011 జనాభా లెక్కలు పనికొస్తాయి. పత్రిక, పుస్తకం పనికొస్తాయి. గుడి ముందు కట్టిన ఫ్లెక్సీ పనికిరాదు. గుడిలో శాసనం ఉంటే దాన్ని చదివి అచ్చువేసిన సంపుటి పనికొస్తుంది. వాట్సాప్ సంగతి టీకాలో ప్రస్తావించటం కూడా దోషమే.

భరద్వాజుడి విషయం కొంచెం నాజూకు. ఆయన ఇక్కడ యజ్ఞం చేస్తుంటే ఒక కాకి వచ్చి హవిస్సుకి అడ్డం పడిందని, దాని శాపం తీరిన చోటు కాబట్టే ఊరికి ఈ పేరని భక్తులు చెప్పుకుంటారు. గుడిలో యజ్ఞాలబావి ఉండనే ఉంది. కుర్రాడు "యజ్ఞం చేశాడు" అని రాశాడు, చూసొచ్చినవాడిలా. "చేశాడని స్థలపురాణం చెబుతోంది" అని రాసి ఆ స్థలపురాణం ఏ పుస్తకంలో ఉందో చూపిస్తే ఎవరూ చెయ్యి పెట్టరు. నమ్మేవాడు నమ్ముతాడు, నమ్మనివాడికీ అది సమాచారమే. కాకికీ అన్యాయం జరగదు.

ఇక్కడొక పూర్వపక్షం. ఊళ్ళలో తెలిసినదాంట్లో ఎంతో భాగం అసలు అచ్చెక్కలేదు కదా? మిరపనారు ఏ అదనులో పోస్తారో, పత్తి తీతకి వచ్చే కూలీలు ఏ ఊళ్ళవాళ్ళో, ఫలానా చెరువుకి ఆ పేరెలా వచ్చిందో ఏ పత్రిక రాసింది? అలాంటప్పుడు ఈ నియమం అచ్చు ఉన్నవాడి పక్షమే కదా? ఆక్షేపణ న్యాయమైనదే. సిద్ధాంతం చెప్పాలంటే నా గొంతు కాస్త తగ్గుతుంది. ముందు ఎవరో ఒకరు ఊరి చరిత్ర పుస్తకంగా రాయాలి, పత్రికకి వ్యాసం పంపాలి, ఆ తర్వాతే అది ఇక్కడికి రావాలి. ఇది చుట్టుదారి, పెద్దవాళ్ళు ఉండగానే నడవాల్సిన దారి. నియమాన్ని సడలిద్దామా అంటే, సాయంత్రానికల్లా ప్రతి ఊళ్ళోనూ పెదనాన్నలందరూ ప్రముఖులైపోతారు. బాబాయిలు ఊరుకుంటారా?

ముచ్చట రాసిన = ఉబలాటం కొద్దీ రాస్తే. సుప్రసిద్ధ, అలరారే, ప్రపంచంలోనే అన్నవి ఈ పదం కిందికి వస్తాయి. గుంటూరు మిర్చియార్డుకి సరుకు తోలేముందు కళ్ళంలో కూర్చుని తాలుకాయలు ఏరి పక్కన పోస్తారు. తాలు కూడా ఆ చెట్టున కాసిందే, తూకానికీ వస్తుంది, కానీ రంగు లేదు, ధర రాదు. విశేషణాల పనీ అంతే. గుంటూరు సన్నం మిరపకి భౌగోళిక గుర్తింపు ఉందని రాసుకో నాయనా, ఆధారం దొరుకుతుంది. 'బెస్టు' అని మాత్రం నువ్వూ అనకూడదు, నేనూ అనకూడదు. తింటే కళ్ళే చెబుతాయి. 'వ్రాసిన' అనకుండా 'రాసిన' అన్నారేమని పండితులు అడగబోతే, గిడుగువారిని అడగమని మనవి.

మల్లినాథుడైన = అంతటి మల్లినాథ సూరి అయినా. ఈయన మనవాడే, మెదకు సీమ కొలిచెలమ ఊరివాడు. రఘువంశానికి, మేఘదూతానికి, మాఘుడి శిశుపాలవధకి వ్యాఖ్యలు రాసిన మహానుభావుడు. కాళిదాసు కావ్యాలకి రాసిన వ్యాఖ్యకి సంజీవని అని పేరు పెట్టుకున్నాడు. ఈ టీకా పేరు అక్కడినుంచి ఎత్తుకొచ్చిందే. ఆయన మొదట్లోనే రెండు ఒట్లు వేసుకున్నాడు: ఆధారం లేనిది ఒక్కటీ రాయనని, అక్కర్లేనిది చెప్పనని. వికీపీడియా సహాయం పేజీలు ఎన్ని తెరిచినా, కొత్తవాడి తల తిరిగేలా ఎన్ని లింకులు నొక్కించినా, చివరికి తేలేవి ఈ రెండే. ఆరేడు వందల ఏళ్ళ కిందటే ఒక తెలుగువాడు రెండు ముక్కల్లో తేల్చేసినదాన్ని మనం మూసలు పెట్టి, ఉపశీర్షికలు పెట్టి, రంగు పెట్టెల్లో కుక్కి కుర్రాళ్ళ మొహాన కొడుతున్నాం.

మాపివేయు = తీసివేస్తాడు. ఇక్కడ శ్లేష ఉంది. నిజానికి ఏదీ మాసిపోదు. ప్రతి పేజీకీ 'చరిత్ర' అని ఒక గది ఉంటుంది. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో వరసలు వరసలుగా అందులో పడి ఉంటుంది. కుర్రాడి నాలుగు వాక్యాలూ అక్కడ భద్రంగా ఉన్నాయి, పెదనాన్నగారితో సహా. 'రద్దుచెయ్యి' అన్నది ఎవరైనా నొక్కగలరు, ఆ రద్దుని మళ్ళీ ఎవరైనా రద్దు చేయగలరు. కానీ కొత్తవాడికి ఆ గది ఉన్నట్టే తెలియదు. తెలిసి తలుపు తీసినా కనపడేది ఎర్రటి అంకె. తెలుగు అక్షరాన్ని కంప్యూటరు దాచుకోవటానికి ఒక్కో అచ్చుగుర్తుకీ, ఒక్కో హల్లుకీ మూడేసి బైట్లు పడతాయి. పెదకాకాని అన్న ఒక్క మాట తీసేస్తే చరిత్రలో −27 అని పడుతుంది. నాలుగు వాక్యాలు పోతే వందల్లో పడుతుంది, పైగా ఐదువందలు దాటితే లావు అక్షరాల్లో. ఇంగ్లీషువాడికి ఇంత కడుపుకోత లేదు. వాడి అక్షరానికి ఒక్క బైటే. మన కుర్రాడు ఆ అంకె చూసి అదేదో జరిమానా అనుకున్నా తప్పు పట్టలేం.

తుడిచినట్టి చేయి = ఏ చెయ్యి తుడిచిందో అదే చెయ్యి. నియమం కాదు, చెయ్యి. ఈ పదం మీదే పద్యం భారమంతా ఉంది.

తోడుగ నిలిచిన = పక్కన నిలబడితే. ఇక్కడ కొందరు వ్యాఖ్యాతలు తొందరపడి 'స్వాగతం మూస పెడితే' అని అర్థం చెబుతారు. కొత్త వాడుకరి కనపడగానే వాడి చర్చ పేజీలో అతికించే పొడుగాటి పలకరింపు అది. ఐదు మూలస్తంభాలు, శైలి, సహాయం అంటూ లింకులే లింకులు. ఆ అర్థం గ్రాహ్యం కాదు. పెళ్ళివారి బ్యానరు చూసి ఎవరూ భోజనానికి కూర్చోరు. చెయ్యి పట్టుకుని బంతిలోకి తీసుకెళ్ళేవాడు కావాలి.

సరైన అన్వయం ఇది. కుర్రాడు కోపంగా చర్చ పేజీలో రాశాడు, సంతకం లేకుండా: "మా ఊరి గురించి మీకేం తెలుసండీ? ఎందుకు తీసేశారు?" తీసేసినాయన రిటైరైన మాస్టారు. ఈయనా కల్పితుడే. వికీపీడియాలో ఎనిమిదో తరగతి పిల్లాడికైనా 'గారు' తగిలించటం రివాజు. ఆయన జవాబు:

"నమస్కారమండీ. మీ ఊరి గురించి మీకు తెలిసినంత నాకు తెలియదు, అందుకే మీరు కావాలి. యజ్ఞం సంగతి స్థలపురాణమని మార్చి మళ్ళీ పెట్టాను. పుస్తకం పేరు, పేజీ నంబరు మాత్రం ఖాళీ ఉంచాను. గుడిలో స్థలపురాణం పుస్తకం అమ్ముతుంటే చూసి, అది మీరు నింపండి. మీ పెదనాన్నగారి గురించి పత్రికల్లో వ్యాసాలేమైనా వచ్చి ఉంటే చెప్పండి, మాట్లాడుకుందాం. చర్చ పేజీలో రాశాక చివర నాలుగు టిల్డేలు కొడితే సంతకం దానంతటదే పడుతుంది."

చూడండి, మాస్టారు అన్నీ తనే దిద్దలేదు. ఒకటి దిద్ది చూపించారు, ఒకటి మిగిల్చారు. పొరపాట్లన్నీ మనమే సర్దేస్తే కొత్తవాడు ప్రేక్షకుడై పోతాడు; ఏదీ సర్దకుండా 'మూలం లేదు' అని రెండు మాటలు దిద్దుబాటు సారాంశంలో పడేసి పోతే శత్రువై పోతాడు. మిగల్చటం ఎంతో, ఏది మిగల్చాలో తెలియటమే నేర్పేవాడి విద్య. నన్నడిగితే నిర్వాహకత్వం ఇచ్చేముందు ఈ పరీక్ష పెట్టాలి.

ఆ తర్వాత మాస్టారు ఒప్పజెప్పిన పనులు చిన్నవే. పెదకాకాని పేజీలోకి రావలసిన సంగతి ఏదైనా చినకాకాని పేజీలో దూరిందేమో చూడు. అది మంగళగిరి మండలం, ఎన్నారై ఆసుపత్రి ఉన్న ఊరు, రెంటినీ కలగలిపేసేవాళ్ళు ఎక్కువ. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. పల్నాడు, బాపట్ల విడిపోయాక గుంటూరు జిల్లా అన్న పాత మాట ఏ ఊరి పేజీలో మిగిలిపోయిందో వెతుకు. ఇక అన్నిటికంటే వాడికి నచ్చిన పని: బండెక్కి ఉప్పలపాడు వెళ్ళు, అదే మండలం. చెరువులో తుమ్మచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టుకుని ఉంటాయి. సొంత ఫోనుతో ఫొటో తీసి వికీమీడియా కామన్స్‌లో ఎక్కించు. గూగుల్లో దొరికిన బొమ్మ వద్దు, ఆ బొమ్మకి తీసినవాడు ఒకడున్నాడు.

హైదరాబాదులో కూర్చున్న ఏ నిర్వాహకుడూ ఆ ఫొటో తీయలేడు. ఈ ముక్క కొత్తవాడికి ఎవరో ఒకరు చెప్పాలి.

కంప్యూటరు మీద రాయటానికి కూర్చుంటే కంట్రోల్, ఎమ్ కలిపి నొక్కితే టైపింగు తెలుగుకి మారుతుంది, లిప్యంతరీకరణ కావాలంటే అది, ఇన్‌స్క్రిప్టు కావాలంటే అది. అలవాటు లేనివాడు ప్రయోగశాల అనే పేజీలో రాసి చూసుకోవచ్చు, అక్కడ ఎవరూ ఏమీ అనరు. ఇవి పక్కన కూర్చుని ఒకసారి చూపిస్తే అయిపోయే సంగతులు. విజయవాడ ఆంధ్ర లయోలా కళాశాలలో విద్యార్థులకు వికీ నేర్పినప్పుడు జరిగిందీ అదే, ఎదురెదురుగా కూర్చోవటం.

కొత్తవాడు మరల గుమ్మము ఎక్కు = కొత్తవాడు మళ్ళీ వస్తాడు. రాకపోతే ఏమవుతుందనేవారు కొమర్రాజు లక్ష్మణరావుగారిని తలుచుకోవాలి. తెలుగులో విజ్ఞానసర్వస్వం తేవాలని ఆయన పూనుకున్నారు. పండితులు కొందరు తోడయ్యారు. భారం మాత్రం ఆయన మీదే పడింది. 1923లో ఆయన పోయేనాటికి మూడు సంపుటాలు వచ్చాయి, అకారం దాటలేదు. ఎంత ఉద్దండుడైనా ఒక మనిషి ఆయుర్దాయం అంతే. పెదకాకాని 'ప' దాకా రావాలంటే ఎన్ని చేతులు కావాలో లెక్క వేసుకోండి. అందుకే ఒక కుర్రాడు అలిగి వెళ్ళిపోవటాన్ని నేను చిల్లర నష్టంగా చూడను.

తాత్పర్యం

ప్రతిపదార్థం చదివినవాడికి తాత్పర్యంతో పని లేదు, చదవనివాడికి దీనితో ప్రయోజనం లేదు. మల్లినాథుడి రెండో ఒట్టు ప్రకారం వదిలేస్తున్నాను.

ఛందస్సు, అలంకారం

ఆటవెలది. మొదటి పాదంలో మూ-ము, రెండులో మ-మా, మూడులో తు-తో, నాలుగులో కొ-గు యతి. నాలుగోదాని మీద అనుమానం ఉన్నవారు క, గలకు యతి చెల్లుతుందని ఏ ఛందోగ్రంథంలోనైనా చూసుకోవచ్చు. మూలం ఇమ్మంటే ఇస్తాను. అలంకారం అతిశయోక్తి, మల్లినాథుడి దగ్గర. మిగతాదంతా స్వభావోక్తే.

పాఠాంతరం

కొన్ని ప్రతుల్లో నాలుగో పాదం "కొత్తవాడు మరల గొడవకెక్కు" అని కనపడుతోంది. గణాలు సరిపోయాయి, యతీ సరిపోయింది, కాబట్టి లేఖక దోషమని కొట్టిపారేయటానికి వీల్లేదు. వికీపీడియా రచ్చబండలో చర్చలు చదివే అలవాటున్నవారు ఇదే అసలు పాఠం అంటున్నారు. నేను రెంటినీ ఉంచుతున్నాను. స్థలపురాణం పుస్తకం పట్టుకుని తిరిగొచ్చిన కుర్రాడు, మాస్టారు రాసిన వాక్యంలో యజ్ఞాలబావి ప్రస్తావనే లేదని పేజీ నంబరుతో సహా నిలదీశాడు. ఈసారి సంతకం ఉంది.