నేను, రాట్నం మీది పుల్లను

పిడి తిప్పితే డ్రమ్ము తిరుగుతుంది. దాని ముందు అటూ ఇటూ ఆడుతూ, నా కన్నంలోంచి జారే దారాన్ని డ్రమ్ము వెడల్పంతా పరిచే పుల్లను నేను. నా దగ్గరికొచ్చేది దసలి పట్టు. భద్రాచలం దాటి శబరి ఒడ్డున చింతూరు వైపు వెళ్తే ఆ పట్టుపురుగు మేసే నల్లమద్ది చెట్లు, సరిహద్దు దాటితే బస్తర్ గుగ్గిలం చెట్ల మీద రైలీ అనే రకం పట్టుకాయ. మల్బరీ పురుగులా ఇంట్లో తట్టల్లో కాదు, ఎండకూ వానకూ చెట్టుమీదే పెరుగుతుంది గనుక కాయకూ కాయకూ పోగు మందం మారుతుంది. పోగులోనే ఇంత తేడా ఉన్నప్పుడు చుట్టడంలో మరో తేడా కలపకూడదు. ఆ సమత్వం చేతి నేర్పులో లేదు, చక్రాల పళ్ల లెక్కలో ఉందని నా వాదన.

డ్రమ్ము సరిగ్గా 10 చుట్లు తిరిగేసరికి నేనొకసారి పోయి వస్తే, 11వ చుట్టు మొదటి చుట్టు మీదే పడుతుంది. అలా గట్లు కట్టి, పై పోగు కింది వరసల్లోకి దిగబడి, విప్పేటప్పుడు తెగుతుంది. ఇటలీలోని పీడ్‌మాంట్ రాట్నాలు దీనికి 18వ శతాబ్దంలోనే విరుగుడు చూపాయి. 22 పళ్ల చక్రం 25 పళ్లదాన్నీ, మరో 22 పళ్లది 35 పళ్లదాన్నీ తిప్పుతాయి. డ్రమ్ము 875 చుట్లకు పుల్ల 484 సార్లు పోయి వస్తుంది. రెండు సంఖ్యలకూ 1 తప్ప ఉమ్మడి భాజకం లేదు కాబట్టి అంతదాకా దారం పాత దారి పట్టదు. 1770 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ ఈ పద్ధతిని బెంగాల్‌కు తెచ్చింది.

చెయ్యి తిరిగిన మనిషి వేలితో పరచలేదా అంటారు. పరచగలదు. కానీ ఒక చెయ్యి పిడి మీద, రెండోది తెగిన పోగును అతికించే పనిలో ఉంటే మూడో చెయ్యేది? తొడ మీద దారం పేనే బాధ తప్పించడానికి కేంద్ర పట్టు మండలి బునియాద్ యంత్రం తెచ్చింది కూడా చేతులూ ఒళ్లూ అరిగే పని అది కాబట్టే. మనిషి తిప్పే వేగం నిలకడగా ఉండదు కదా అన్నది మరో అభ్యంతరం. నా కదలిక డ్రమ్ము ఇరుసు నుంచే వస్తుంది. పిడి తిప్పే ఆమె నిదానిస్తే నేనూ నిదానిస్తాను, నిష్పత్తి చెదరదు. నాకు విడి మోటారు పెట్టినప్పుడే ఆ భయం.

నన్ను నిజంగా ఇరుకున పెట్టేది నన్ను అటూ ఇటూ ఆడించే క్రాంకు. దానితో నడిస్తే రెండు కొసల్లోనూ నేను నెమ్మదిస్తాను, అంచుల్లో దారం గుట్ట పడుతుంది. దాని బదులు హృదయాకారపు క్యామ్ పెడితే వేగం ఒకేలా ఉంటుంది గానీ, దాన్ని కొలతకు చెక్కడం కష్టం, కొనలు త్వరగా అరుగుతాయి. చిలప తీసే రాట్నానికి క్రాంకు చాలు. డ్రమ్ము మీద మందంగా చుట్టాలంటే మాత్రం, ఖర్చైనా సరే, క్యామే పెట్టించాలి.