ఇంగువలో గోధుమ

మీతో చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. ఏకాదశి ఉపవాసం రోజు ఇంట్లో మిగతావాళ్ళ కంచాల వంక మీరూ ఒక చూపు చూసే ఉంటారు. ‘పాపం, నిగ్రహం లేని జనం’ అనే చూపు. ఆ చూపు నాకు నెలల తరబడి కళ్ళకి అంటుకుపోయింది. నేను గోధుమ మానేశాను.

కడుపు బాగాలేక కాదు, మనసు బాగాలేక. రాత్రి నిద్ర పట్టదు, పొద్దున తల దిమ్ము, పగలంతా ఎవరో ఒకరి మీద చికాకు. కారణం వెతుక్కుంటుంటే ఫోన్లో ఒకాయన గ్లూటెన్ అన్నాడు. గోధుమలో, బార్లీలో ఉండే మాంసకృత్తి అది. కలిపిన పిండి సాగేది దానివల్లే. అది అరిగేటప్పుడు నల్లమందు లాంటి ముక్కలు పుడతాయని, రొట్టె మీద మనకంత మోజు అందుకేనని చెప్పాడు. ప్రయోగశాలలో అలాంటి ముక్కలు కనిపించిన సంగతి శాస్త్రవేత్తలు 1979లోనే రాశారు. కానీ మనిషికి పూరీ మీద మోజు వాటివల్లేనని ఎవరూ తేల్చలేదు. ఈ రెండో సంగతి అప్పుడు ఎవరైనా చెప్పినా నేను వినేవాణ్ణి కాదు. నా దిగులుకి కారణం చపాతీ అని తెలిశాక గుండె మీంచి గోల్కొండ దిగినంత హాయిగా ఉంది మరి.

మానేసిన కొత్తల్లో నిజంగానే ఒళ్ళు తేలికపడింది, తల తేటపడింది. ఇక ఊరుకోగలనా? ఆఫీసులో, పెళ్ళిళ్ళలో, చివరికి లిఫ్టులో కూడా ఉపన్యాసాలే. మా పై అంతస్తు ఆవిడకీ చెప్పాను. వాళ్ళ రెండో తరగతి పిల్లాడికి సీలియాక్ జబ్బు. గ్లూటెన్ తగిలితే ఒంట్లోని రక్షణ వ్యవస్థే చిన్నపేగుని దెబ్బతీస్తుంది. ఆ తల్లికి నేను గోధుమ గురించి పాఠం చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని “మంచిది అన్నయ్యా” అని వెళ్ళిపోయేది.

తర్వాత మొదలైంది కోరిక. ఉస్మానియా బిస్కెట్టు ఎదురుగా ఉన్నా ముట్టనివాణ్ణి, నాంపల్లి దాటుతుంటే బేకరీ వాసనకి బండి ఆపి నిలబడిపోయేవాణ్ణి. రంజాన్ వస్తే హలీం గుర్తొచ్చేది, అందులోనూ గోధుమే. వద్దనుకున్న ప్రతిదీ రాత్రి కలలోకి వచ్చేది. ఇంట్లో చపాతీపిండి కలుపుతున్నారని మా ఆవిడ మీద అరిచిన రోజుంది. మనశ్శాంతి కోసం పెట్టుకున్న పథ్యం ఇంటిల్లిపాదికీ శాంతి లేకుండా చేసింది.

ఆ పరిస్థితిలో బేగం బజార్ వెళ్ళాను. నిజాం అలీఖాన్ భార్య హుమ్‌దా బేగం వర్తకులకి ఇచ్చిన నేల అది. మార్వాడీ కొట్లలో ఉపవాసాల కోసం అమ్మే కుట్టు పిండి, రాజ్‌గిరా పిండి కొందామని బయల్దేరాను. పిండి కొట్టుకంటే ముందు కచోరీ మూకుడు కనిపించింది. ఒక్కటే అనుకున్నాను. ఒకటి తిన్నాను, రెండోది తిన్నాను, మూడోది చేతిలో ఉండగానే పక్కబండి జిలేబీ వైపు చెయ్యి చాచాను, మూసిన షట్టరు వైపు మొహం తిప్పుకుని నోట్లో కుక్కుకుంటున్నాను, వెనకనించి “అన్నయ్యా, మీరేనా?” అని వినపడింది, తిరిగి చూస్తే పై అంతస్తు ఆవిడ, ప్లేటు వీపు వెనక దాచాను, నోరు నిండుగా ఉండగానే “శెనగపిండివమ్మా ఇవి” అన్నాను, బండివాడు ఉత్సాహంగా “నై సాబ్, మైదా హై, అభీ నికాలా” అన్నాడు.

ఆవిడ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

ఆవిడ ఇంగువ కోసం వచ్చింది. పక్క కొట్టులో నిలబడి “ఇందులో మైదా ఉందా, బియ్యప్పిండా?” అని ప్రతి డబ్బా తిప్పి చదువుతోంది. ఇంగువలో మైదా ఏమిటన్నాను. ఘాటు తగ్గించడానికి జిగురూ పిండీ కలుపుతారని, మామూలుగా అది గోధుమపిండేనని కొట్టతను చెప్పాడు. మా ఇంటి డబ్బా మీదా అదే రాసి ఉంది. తల తేటపడిందని నేను చాటుకున్న ఆ నెలలన్నీ చారులో, పులిహోరలో గోధుమ తింటూనే ఉన్నాను.

నాకది చిటికెడు, లెక్కలోకి రాదు. పిల్లాడి సంగతి వేరు. గ్లూటెన్ లేనిదని అమ్మే సరుకులో కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదని మన ఆహార భద్రతా సంస్థ నియమం. జబ్బు బయటపడక ముందు వాడు ఎదగలేదు, ఊరికే ఏడ్చేవాడు, ఆటలకి వెళ్ళేవాడు కాదు. గోధుమ ఆపాకే వాడి మొహంలోకి పిల్లతనం వచ్చింది. తిండికీ మనసుకీ ఉన్న ముడి నేను వాడిలో చూశాను.

తిరుగుదారిలో ఆవిడ ఒక్క సంగతి చెప్పింది. పెళ్ళిళ్ళలో పిల్లాడికి గోధుమ తగలకూడదంటే వంటవాళ్ళు ఇప్పుడు పట్టించుకోవడం లేదట. “అందరూ ఇదే అంటారమ్మా, చివర్లో డబల్ కా మీఠా తింటారు” అంటున్నారట. అది బ్రెడ్డుతో చేసేది. కిందటి పెళ్ళిలో నేను రెండుసార్లు వడ్డించుకున్నాను.

డాక్టరు దగ్గరికెళ్తే, సీలియాక్ పరీక్ష గోధుమ మానేయకముందే చేయించుకోవాలన్నారు. గోధుమ తినకుండా ఉంటే రక్తంలో జబ్బు జాడ దొరక్కపోవచ్చట. మళ్ళీ కొన్ని వారాలు తిని చేయించుకున్నాను, ఏమీ లేదు. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో రక్తంలో ఈ జబ్బు జాడ ఉత్తరాదిలో 1.23 శాతం మందిలో కనపడితే దక్షిణాదిలో 0.10 శాతం మందిలోనే. ఆ తర్వాత డాక్టరు రాత్రి ఎన్నింటికి పడుకుంటానో, పడుకున్నాక ఫోను ఎంతసేపు చూస్తానో అడిగారు. నిజం చెప్పడానికి నాకు గొంతు పెగల్లేదు.

మొన్న మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం. వంటాయన దగ్గర నిలబడి వేరే గిన్నె, వేరే గరిటె, వేరే మూకుడు పెట్టించాను. “మీకా సార్?” అన్నాడు. పై అంతస్తు బాబుకి అని చెప్పి, ఇంగువ డబ్బా ఒకసారి చూపించమన్నాను.